దుర్గవ్వ కాలి అచ్చు

దుర్గవ్వ కుడి పాదానికి వేళ్లు రెండే. పెద్దరోగం, అదే కుష్టు, నయమై ముప్పై ఏళ్లయింది గాని పోయిన వేళ్లు, పోయిన స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా తెలియదు. అందుకే రోజూ పొద్దుగూకే ముందు చిన్న అద్దం పెట్టి అరికాలు చూసుకుంటుంది. ఆ పాదాన్ని కాపాడేది బోథ్ ఊళ్లోని కుష్టు కేంద్రంలో దేవదాస్ కుట్టిచ్చే మెత్తని రబ్బరు చెప్పు. కేంద్రాన్ని నడిపేది సముద్రాల అవతలి దయగల సంస్థ.

ఆ దయకు ఈ వేసవిలో గడువు తీరింది. హైదరాబాద్ నుంచి నవీన అనే ఆఫీసరమ్మ వచ్చి శుభవార్త చెప్పింది.

"మనది ఇప్పుడు పేద దేశం కాదవ్వా, మధ్య ఆదాయ దేశం. అందుకే సంస్థ ఇంకా పేద దేశాలకు వెళ్తోంది."

"నడుమ అంటే ఏడ బిడ్డా? బోథ్‌కు ఇచ్చోడ ఊరికి నడుమనా? నాకైతే అగుపడలే."

"లెక్కల్లో, అవ్వా."

"గట్లనా. గా లెక్కల నా కాలి వేళ్లు గూడ మొలిచినయా?"

నవీన నవ్వి ఫారం తీసింది. ఒకటే ప్రశ్న: సంస్థ సాయం లేకుండా బతకగలరా? అవునంటే పథకం గెలిచింది, మూసేస్తారు. కాదంటే పథకం ఓడింది, మూసేస్తారు. దుర్గవ్వ వేలిముద్ర వేసింది. ఎక్కడ వేసిందో నవీన కూడా చూడలేదు.

"నేను ఆదిలాబాద్ బస్టాండ్ కాడ చెప్పులు కుట్టుకుంట కూసుంట అక్కా," అన్నాడు దేవదాస్. "రబ్బరు నేను చూసుకుంట. అచ్చుంటేనే కుడత. అచ్చు లేకుంటే నాతోని కాదు."

దుర్గవ్వ పాదానికి ప్లాస్టర్ పోసి తీసిన తెల్లని అచ్చు అది. అచ్చులు తీసే మనిషి పోయిన నెలే వెళ్లిపోయాడు. ఉన్న ఒక్క అచ్చు అప్పటికే అట్టపెట్టె ఎక్కింది. సంస్థ వాళ్ల దేశంలో, అద్దాల అలమారలో, విజయానికి గుర్తుగా పెడతారట.

"నీ పాదం విమానమెక్కుతోందవ్వా!" అంది నవీన.

"పాదం విమానమెక్కితే నేను దేంతోని నడవాలె బిడ్డా?"

"అది సంస్థ ఆస్తి. నా చేతుల్లో లేదు."

పోయేవాళ్లు దుర్గవ్వకు కొత్త కాదు. ఒంటి మీద మచ్చ కనిపించిన నాడే పెనిమిటి "ఇప్పుడే వస్త" అని గుడిహత్నూర్ బస్సెక్కాడు. తర్వాత అన్న, ఆ తర్వాత కట్లు కట్టే నర్సమ్మలు. ఎవరూ సరిగ్గా సాగనంపనివ్వలేదు. ఈసారి తానే సాగనంపుతానంది.

వీడ్కోలు సభకు సంస్థకు పెద్ద అయిన తెల్లావిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. దుర్గవ్వ పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు తెచ్చింది.

"ఒడిబియ్యం పోస్త. ఆడిబిడ్డను వట్టి ఒడితోని పంపద్దు."

పెనిమిటి పోయాడు గాని చచ్చినట్టు కబురు రాలేదు. కనుక బొట్టూ ఉంది, ఒడి నింపే హక్కూ ఉంది. ఆ మహానుభావుడు చేసిన ఉపకారం అదొక్కటే.

రేషన్ బియ్యం తినే ముసలమ్మ దాతకు బియ్యం పోస్తుంటే కెమెరాలన్నీ ముందుకు జరిగాయి. తెల్లావిడ కళ్లు తుడుచుకుంది. ఐదు దోసిళ్లయ్యాయి.

"ఇగ నువ్వు ఐదు పిడికిళ్లు పుట్టింట్ల పెట్టాలె బిడ్డా. అన్నీ ఎత్తుకపోతే పుట్టిల్లు వట్టిపోతది. గది మా రివాజు."

నవీన ఇంగ్లీషులో చెప్పింది. తెల్లావిడ ముచ్చటపడి ఒడిలో చెయ్యి పెట్టింది. దుర్గవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"బియ్యం నీకే ఉండని. పిడికిళ్లకు బదులు నా కాలి అచ్చు పెట్టిపో."

నవీన ఫారాలు సర్దుకోసాగింది. దుర్గవ్వ ఆమె వైపు తిరిగింది.

"చెప్పు బిడ్డా. జర నా మాట గూడ చెప్పు."

నవీన చెప్పలేదు. దుర్గవ్వ చెప్పు విడిచి, రెండు వేళ్ల పాదాన్ని పళ్లెం పక్కన పెట్టి, సభలోనే ఉన్న అట్టపెట్టె వైపు చెయ్యి చూపింది. దానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. దయగలవాళ్లు కెమెరా ముందు మరింత దయగలవాళ్లవుతారు. పెట్టె తెరుచుకుంది.

ఆ మధ్యాహ్నమే దుర్గవ్వ, దేవదాస్ ఆదిలాబాద్ బస్సెక్కారు. తువ్వాలలో చుట్టిన అచ్చు ఆమె ఒడిలో ఉంది.

"గదేంది అవ్వా, లగేజీనా?" అడిగాడు కండక్టర్.

"లగేజీ కాదు కొడుకా, నా కాలు. ఆడోళ్లకు ఫ్రీయే గదా, కాలుకు గూడ కొట్టు జీరో టికెట్."

బస్సంతా నవ్వింది. గుడిహత్నూర్‌లో బస్సు ఆగినప్పుడు, అలవాటు కొద్దీ, దుర్గవ్వ ఎక్కేవాళ్ల ముఖాలు చూసింది. అచ్చు మీద చెయ్యి మాత్రం తీయలేదు.