ఆ నాలుగు గెలుపులు

బీన్స్‌ని అంగుళం పొడవున తుంచాలి. మా ఆయన లోవెల్ తుంచితే రెండంగుళాలు ఉండేవి. నలభై తొమ్మిదేళ్ళు చెప్పాను, వినలేదు. "పొట్టలోకి వెళ్ళాక ఎవరైనా కొలుస్తారా?" అనేవాడు. కిందటి ఆగస్టులో ఇద్దరం కలిసి ఉడికించి సీసాల్లో పెట్టినవి ఇంకా మూడు కింది గదిలో అరమీద ఉన్నాయి. గాజులోంచి ఆ పొడుగు ముక్కలు కనిపిస్తాయి. వాటిని తెరవలేదు. ఫిబ్రవరిలో అతను పోయాడు.

ఈ ఏడు వెనక వరండాలో ఒక్కదాన్నే కూర్చుని తుంచుతుంటే క్రెయిగ్ అండర్‌డాల్ కారు వచ్చి ఆగింది. మా ఊరి కాలేజీలో లోవెల్ దగ్గర పరుగు నేర్చుకున్నవాడు క్రెయిగ్. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు, ఊళ్ళో ఇన్సూరెన్సు ఆఫీసు, పైగా కాలేజీ హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీకి అధ్యక్షుడు. చేతిలో గోధుమరంగు కవరు పట్టుకుని మెట్లెక్కాడు.

"లేవకండి మార్లిస్ గారూ. అబ్బ, బీన్స్! మా ఆవిడ ఈసారి వెయ్యనే లేదండీ. జింకలు తినిపోవడానికి నేనెందుకు వంగి చావాలి అంది."

"నువ్వూ ఓ గుప్పెడు తీసుకో. ఊరికే కూర్చుంటే నీకు మాట రాదు."

తీసుకున్నాడు. ఆ లావు వేళ్ళతో రెండు కాయలు తుంచి, ఇక ఆగలేక చెప్పేశాడు. "ఈసారి కోచ్ గోడకెక్కుతున్నాడండీ."

గోడ అంటే జిమ్ వరండాలో గోడ. అక్కడ ఇత్తడి పలకల మీద కాలేజీ గొప్ప ఆటగాళ్ళ, కోచ్‌ల ముఖాలుంటాయి. ఏటా అక్టోబరులో పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు విందు పెట్టి ముగ్గురినో నలుగురినో ఎక్కిస్తారు. లోవెల్ ముప్పై ఏళ్ళపాటు ఏ ఒక్క విందూ మానలేదు. తను తయారుచేసిన కుర్రాళ్ళ పేర్లు పిలుస్తుంటే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టేవాడు. ఇంటికొచ్చి టై విప్పుకుంటూ, "బావుంది, చికెన్ కొంచెం ఎండిపోయింది" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు.

"కోచ్‌లకి కనీసం ఐదు గెలుపులుండాలని రూలు కదండీ," అన్నాడు క్రెయిగ్. మా చుట్టుపక్కల తొమ్మిది కాలేజీలకి ఏటా పొలాల్లో, గుట్టల్లో జరిగే క్రాస్ కంట్రీ పరుగు పోటీ గురించి అతను చెప్పేది. "మా కోచ్‌కి రెండే అనుకుని ఇన్నేళ్ళూ ఎవరూ కదలలేదు. నేను మొన్న లైబ్రరీలో కూర్చుని పాత వార్షిక సంచికలన్నీ తిరగేశాను. ఆడపిల్లల జట్టుకీ కోచ్ ఆయనే! డెబ్భై ఎనిమిది, డెబ్భై తొమ్మిది, ఎనభై ఒకటి, ఎనభై రెండు. అవి నాలుగు, ఇవి రెండు. ఆరు! ఇంత సులువు లెక్క ఒక్కడికీ తట్టలేదేంటండీ?"

నేను చేతిలో ఉన్న కాయ తుంచాను. అతని ముఖంలో కపటం లేదు. అతను కాలేజీలో చేరింది ఎనభై నాలుగులో. ఆ ముందు సంవత్సరం దాకా ఏం జరిగిందో అతనికి ఎవరు చెప్తారు?

"కింద మీ సంతకం కావాలండీ. మనిషి లేనప్పుడు, రాసిందంతా నిజమేనని ఇంట్లోవాళ్ళు ధ్రువీకరించాలట. శుక్రవారం సాయంత్రం మీటింగు. పొద్దున్న నేనే వచ్చి పట్టుకెళ్తాను." లేస్తూ నా భుజం తట్టాడు. "బతికుంటే ఎంత సంబరపడేవాడో కదండీ."

"పడేవాడు," అన్నాను. అది నిజం.

డెబ్భై ఆరులో కాలేజీ ఆడపిల్లలకి కూడా జట్టు పెట్టక తప్పలేదు. చట్టం వచ్చింది. మగపిల్లల జట్టును చూస్తున్న లోవెల్‌కి రెండూ చూసే తీరిక లేదు. నేను నాలుగో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్నే పొలాల గట్లమీద పరిగెత్తే అలవాటు నాకుందని ఊరందరికీ తెలుసు, అందులో కొందరికి నవ్వు కూడా. ఒకే ఇంట్లో ఇద్దరిని ఉద్యోగంలో పెట్టుకోకూడదని కాలేజీకి అప్పట్లో ఒక నియమం. ఆటల డైరెక్టరు మా వంటింట్లో కాఫీ తాగుతూ సులువైన దారి చెప్పాడు. "కాగితం మీద లోవెల్ ఉంటాడు. మైదానంలో నువ్వు చూసుకో అమ్మా. ఒక్క ఏడాదే." అది ఎనిమిదేళ్ళు నడిచింది. మూడున్నరకి బడి గంట కొట్టగానే నల్లబల్ల తుడిచి, చేతికి సుద్ద అలాగే ఉండగా మైదానానికి పరిగెత్తేదాన్ని. వారం మధ్యలో కొండదారి, శుక్రవారం తేలిక నడక, శనివారం తెల్లవారకముందే వ్యాను తోలుకుంటూ నాలుగైదు గంటల ప్రయాణం. గుడ్డు సాండ్‌విచ్‌లు నేనే చేసేదాన్ని, జెర్సీలు మా ఇంట్లోనే ఉతికేదాన్ని. ఎవరి మోకాలు వాచింది, ఎవరు నెలసరి ఆగిపోయి భయపడుతున్నారు, ఎవరు తిండి మానేసి దాస్తున్నారు, అన్నీ నాకు తెలియాలి. మాకు పిల్లలు పుట్టలేదు. మా అత్తగారు ఆదివారం చర్చి మెట్లమీద పదిమంది వినేలా అనేది, "పిల్లల్లేని దానికి ఏదో ఒక వ్యాపకం ఉండాలిగా. అది సరే, శనివారాలు నా కొడుక్కి అన్నం ఎవరు పెడుతున్నారు?" ఆమె కొడుకు శనివారాలు మగపిల్లలతో ఇంకో ఊళ్ళో పోటీలో ఉండేవాడు. ఆ సంగతి నేనూ చెప్పలేదు, అతనూ చెప్పలేదు.

లోవెల్ చెడ్డవాడు కాదు. ఇది రాస్తున్నది అతన్ని తక్కువ చెయ్యడానికి కాదు. కుర్రాళ్ళ పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవాడు. ఎవరి నాన్నయినా పోతే రెండు వందల మైళ్ళు కారు నడుపుకుంటూ వెళ్ళేవాడు. మా అమ్మాయిల పోటీకి మాత్రం ఎనిమిదేళ్ళలో ఒక్కసారే వచ్చాడు. ఆ ఒక్కసారీ అందరికంటే ముందున్న అమ్మాయి పక్కన పరిగెడుతూ గొంతు చించుకున్నాడు. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. ఈ ఆటలో జట్టులో మొదటి ఐదుగురి స్థానాలు కలుపుతారు, తక్కువ వచ్చినవాళ్ళు గెలుస్తారు. మొదటి అమ్మాయికి అరుపు అవసరం లేదు. ఎక్కడో గుంపులో ఊపిరాడక, తన వల్ల ఏమవుతుందిలే అనుకుంటున్న ఐదో అమ్మాయి దగ్గర నిలబడాలి. "ఇది నీకెవరు చెప్పారు?" అన్నాడు ఆశ్చర్యంగా. ఎవరూ చెప్పలేదు. నలభైమంది పిల్లలున్న తరగతిలో ఏ పిల్ల దగ్గర నిలబడాలో టీచరుకి ఎవరూ చెప్పరు.

ఎనభై మూడులో ఆ నియమం ఎత్తేశారు. ఎత్తేసి, జీతమిచ్చి ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చి ఆడపిల్లల జట్టు అప్పగించారు. నన్ను అడగలేదు, ఎందుకంటే కాగితం మీద నేను లేను. ఆ జట్టు బాధ్యత వదిలినందుకు పెట్టిన విందులో లోవెల్‌కి జ్ఞాపిక ఇచ్చారు, నాకు కుండీలో చామంతి ఇచ్చారు. అతను మైకు ముందు, "మా ఆవిడ లేకపోతే ఇదంతా జరిగేది కాదు," అన్నాడు. అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. సాండ్‌విచ్‌లు బాగా చేసే భార్యని చూసి కొట్టే చప్పట్లు అవి. కారులో చామంతి ఒళ్ళో పెట్టుకుని, "అంతేనా లోవెల్?" అని అడిగాను.

"అందరికీ తెలుసు కదా మార్లిస్," అన్నాడు.

అప్పటి ఆ అందరూ ఇప్పుడు ఎక్కువభాగం చర్చి వెనక సమాధుల్లో ఉన్నారు. ఆటల డైరెక్టరు, మా అత్తగారు, చివరికి లోవెల్. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయాక మిగిలేది కాగితమే. క్రెయిగ్ చదివింది అదే.

బుధవారం సాయంత్రం ఫోను మోగింది. డెనీస్. ఎనభై ఒకటిలో నా ఐదో అమ్మాయి. పక్క జిల్లాలో పశువుల డాక్టరు, ఇద్దరు మనవలు.

"మార్లిస్ గారూ, క్రెయిగ్ మా అందరికీ ఉత్తరాలు పంపాడండీ. కోచ్ గురించి నాలుగు మాటలు రాయమని. నేనేం రాయను? ఆయన నాలుగేళ్ళలో నాతో మాట్లాడిందే రెండు ముక్కలు. 'బాగా పరిగెత్తావమ్మా జానిస్' అన్నాడు. నా పేరు జానిసా?"

నాకు నవ్వొచ్చింది. ఆరు నెలల తర్వాత గట్టిగా నవ్వాను. ఆమె కూడా నవ్వి, ఆగిపోయింది.

"అయ్యో, క్షమించండి. ఆయన పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు, నేనిలా..."

"పేర్లు అతనికి ఎప్పుడూ రావు. నాలుగో తరగతికి పంపిస్తే నేర్పేదాన్ని."

"ఏం రాయమంటారో చెప్పండి, అదే రాస్తాను. మీరు సరేనంటే ఆయనకే రాసేస్తాను, మన నోట్లోంచి మాట బయటికి రాదు. మన జట్టులో వెల్మా వాళ్ళతో కూడా మాట్లాడాను. మార్లిస్ గారు ఎలా చెప్తే అలా అన్నారు."

"నీకు గుర్తున్నది రాయి డెనీస్."

"నాకు గుర్తున్నది రాస్తే," నెమ్మదిగా అంది, "ఆయనకి రాదండీ."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ కాగితం ముందు కూర్చున్నాను. సంతకం చేస్తే అతను ఎన్నేళ్ళుగానో కోరుకున్నది అతనికి దక్కుతుంది. చెయ్యకపోతే దక్కదు. మధ్య దారి లేదు. పోయినవాడి మీద పోటీకి వెళ్ళే భార్య ఎలా ఉంటుందో ఊరు చెప్పుకునే మాటలు కూడా వినిపించాయి. అవి పెద్ద లెక్క కాదు. లెక్కల్లా జనవరిది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో హాల్లో మంచం మీద ఉన్నాడు. నేను అతని గోళ్ళు తీస్తున్నాను. "ఈ ఏడైనా పిలుస్తారంటావా?" అని అడిగాడు. పిలుస్తారులే అన్నాను. కిటికీ వైపు తిరిగి, "ఎలా పిలుస్తారు? నావి రెండేగా," అన్నాడు.

అతనికి లెక్క తెలుసు. నలభై ఏళ్ళూ తెలుసు. బయట ఎక్కడా అనని మాట, నేను గోళ్ళు తీస్తుండగా ఇంట్లో అన్నాడు. అప్పుడు నేను ఇంకో వేలు పట్టుకున్నాను. ఏమి అనాల్సిందో ఇప్పటికీ తెలియదు. ఆ మాట నాకు చాలని ఆ రోజు అనుకున్నాను. చాలలేదని తెలియడానికి ఈ కాగితం రావలసి వచ్చింది.

శుక్రవారం పొద్దున్న క్రెయిగ్ వచ్చేసరికి కాఫీ పెట్టి ఉంచాను. కాగితం అతనివైపు తిప్పాను. నాలుగు సంవత్సరాల మీదా స్కేలు పెట్టి ఒక్కొక్క గీత గీశాను, పిల్లలకి నేర్పినట్టు, కింద ఏముందో చదవగలిగేలా. పక్కన పొడి అక్షరాలు, తేదీ. అడుగున సంతకం.

అతను రెండుసార్లు చదివాడు. "ఇదేంటండీ?"

చెప్పాను. పెద్దగా సమయం పట్టలేదు. ఎనిమిదేళ్ళ పని చెప్పడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

"కానీ వార్షిక సంచికలో..."

"ఎనభై ఒకటి అక్టోబరు చివరి శనివారం మగపిల్లల పోటీ ఎక్కడ జరిగిందో అదే సంచికలో చూడు. మేమున్న చోటుకి మూడు వందల మైళ్ళు. ఒకే రోజు రెండు చోట్ల నిలబడటం మీ కోచ్‌కి కూడా చేతకాదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కప్పు పట్టుకుని తిప్పుతున్నాడు. "ఇలాగైతే ఆయనకి రాదండీ. నేనేం చెయ్యలేను."

"తెలుసు."

"ఆయన మీద మీకు అంత కోపమా?"

"కోపముంటే సంతకం పెట్టి ఇచ్చేసేదాన్ని క్రెయిగ్. తనది కానిదాంతో ఆ గోడమీద ఎన్నేళ్ళయినా వేళ్ళాడనీ అనుకునేదాన్ని. నావి రెండే అని అతనే చెప్పాడు, జనవరిలో."

"ఎవరైనా విన్నారా?"

"నేను విన్నాను."

తల వంచుకున్నాడు. అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇరవై ఏళ్ళ వయసులో తండ్రి పోయినప్పుడు లోవెల్ వెళ్ళి పక్కన కూర్చున్న కుర్రాళ్ళలో అతనొకడు. నేను లేచి అతని ముందు టిష్యూల పెట్టె పెట్టాను. ఆ దుఃఖం నాకు కొత్తది కాదు, తేలికదీ కాదు. ఇద్దరం ఒకే మనిషిని పోగొట్టుకున్నాం.

"ఆ రెండింటికీ అతను ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు," అన్నాను. "అది మీటింగులో చెప్పు. రూలు మార్చమని అడుగు, తప్పులేదు. నేనూ వచ్చి చెప్తాను. కానీ రెండనే చెప్పు."

"సరేనండీ." ముక్కు తుడుచుకున్నాడు. కవరు తీసుకుని లేచాడు.

"ఖాళీ ఫారం ఇంకోటి ఉందా?"

"ఉందండీ. ఎవరికి?"

ఇవ్వమని చెయ్యి చాపి తీసుకున్నాను. అతను నిలబడే ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. పేరు రాశాను. పని: ఆడపిల్లల క్రాస్ కంట్రీ కోచ్. కాలం: ఎనిమిదేళ్ళు. గెలుపులు నాలుగు, సంవత్సరాలతో సహా. ఐదు కావాలన్న రూలుకి ఒకటి తక్కువని నాకు తెలుసు. తక్కువైతే వాళ్ళు తక్కువని రాస్తారు. అప్పుడు ఆ పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట, ఎంపిక కాలేదని అయినా, నా పేరు పక్కన ఆ నాలుగూ ఉంటాయి. సాక్షుల దగ్గర డెనీస్, వెల్మా, ఇంకో ఐదుగురి పేర్లు రాశాను. ఎవరి పేరూ తప్పు రాయలేదు.

అడుగున ఒక గడి మిగిలింది: ప్రతిపాదించేవారికి ఆ వ్యక్తితో సంబంధం. ఇలాంటి గడి ఈ ఏడాది ఆసుపత్రిలో, బ్యాంకులో, సమాధుల ఆఫీసులో చాలాసార్లు నింపాను. ప్రతిసారీ భార్య అని రాశాను, చెయ్యి ఆగకుండా. ఈసారి కాస్త ఆగింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో, నాలుగో తరగతి పిల్లలకి కూడా అర్థమయ్యేలా, నేనే అని రాశాను.