కంట్లో ఈదే పురుగు

భూములకు రేట్లు వచ్చాక మా శామీర్‌పేట వైపు ప్రతి పెళ్లికొడుక్కీ గుర్రం కావాల్సి వచ్చింది. వాళ్ల నాయినలు ఎడ్లబండి మీద పోయి పెళ్లి చేసుకున్నవాళ్లే. ఈ కొత్త పెళ్లికొడుకులందర్నీ మోసింది చోటే మియా తెల్ల ఆడగుర్రం షబ్నం.

ఒక వానాకాలం దాని కుడి కంట్లో తెల్లదారం లాంటి పురుగు కనబడింది. నల్లగుడ్డు ముందరి నీళ్లలో అటూ ఇటూ ఈదేది. చూడ్డానికి గుండ్లపోచంపల్లి నుంచి కూడా జనం వచ్చారు.

"మియా, జర ఇటు తిప్పు, మా పిల్లగాడు సూడలే."

"టికెట్ పెట్టరాదె!" అన్నాడొకడు.

షబ్నం మాత్రం కన్ను గుంజకేసి రుద్దుకునేది.

మేడ్చల్ పశువుల డాక్టర్ చలపతిరావు చూశాడు. "దోమకాటుతోటి వచ్చింది. గురువారం పట్నం నుంచి ఆపరేషన్ డాక్టర్ ఈడికి వస్తడు. కంటికి సూది గుచ్చితే నీళ్లతోటి పురుగు బయటికొస్తది. బతికున్నప్పుడే తీయాలె మియా. లోపలే సస్తే కన్ను పోతది. అప్పటిదాంక ఏ మందూ వద్దు."

ఇంటికొచ్చి చోటే మియా అన్నం ముట్టలేదు. "కంట్ల సూదంట, సాలేహా! అది కదిలితే?" అన్నాడు పెళ్లాంతో.

పక్కింటి యాదవ్వకు గొర్రెలున్నాయి. "కంట్ల గుచ్చుడేందయ్యా? మా గొర్లకు పురుగులైతే మెడకు ఒక్క సూది. మందు నా కాడ ఉన్నది" అంది.

సాలేహా అడ్డం పడింది. "డాక్టర్ సాబ్ వద్దన్నడు కదా, జీ."

"ఆయనకేంది? కన్ను ఆయనదా?" అని చోటే మియా యాదవ్వతో షబ్నం మెడకే సూది వేయించాడు.

మర్నాటికి పురుగు కదలకుండా కంటి అడుగుకు జారింది. "యాదవ్వా, సచ్చింది!" అంటూ చోటే మియా వాడంతా చక్కెర పంచాడు. సాలేహా ఒక్కతే తీసుకోలేదు.

గురువారానికి కన్ను సున్నపు నీళ్లలా అయింది. మేడ్చల్‌లో పట్నం డాక్టర్ టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఏం మందేసినవ్?" చలపతిరావు అడిగాడు.

చోటే మియా దాచకుండా చెప్పాడు. "ఇగ గుచ్చుండ్రి సాబ్. తల నేనే పట్టుకుంట. కదలనియ్య."

"ఏడ గుచ్చాలె మియా?" అన్నాడు చలపతిరావు. "లోపల ఏం కనబడ్తలేదు. నొప్పికి చుక్కలిస్త. సూపు నా చేతుల లేదు."

పట్నం డాక్టర్ చేతి తొడుగులు తీసేశాడు.

తిరుగుదారిలో లారీలన్నీ కుడివైపు నుంచే దూసుకుపోతున్నాయి. హారన్ మోగినప్పుడల్లా షబ్నం ఉలిక్కిపడి పక్కకు దూకుతోంది. చోటే మియా కుడివైపుకు మారి నడిచాడు. అక్కడ మనిషున్నాడని దానికి తెలియలేదు. గిట్ట అతని పాదం మీద పడింది.

"ఈడనే ఉన్న బేటీ, ఈడనే ఉన్న" అంటూ కుంటుతూ నడిచాడు.