ఓబుళేసు కిటికీ తెర

నేను ఒక తెరను. రెండు నేత పంచెలు కలిపి కుడితే తయారయ్యాను. తోలుబొమ్మలాట ఆడే ఓబుళేసు తండ్రి ఊరూరా నన్ను కట్టి, వెనుక ఆముదం దీపాలు పెట్టేవాడు. జనం నా మీద రాముడి నీడకు దండం పెట్టేవారు, రావణుడి నీడను తిట్టేవారు. నన్ను మాత్రం ఎవరూ చూసేవారు కాదు.

సినిమాలు వచ్చి ఆట ఆగింది. బొమ్మలను పట్నం వ్యాపారి కొనుక్కుపోయాడు, దీపాలకు గొడుగులు చేసుకోవడానికి. ఓబుళేసు నన్ను చంకన పెట్టుకుని కదిరి చేరి, ఫొటో స్టూడియో తెరిచి, తూర్పు కిటికీకి కట్టాడు. ఎండ నాలోంచి వడకట్టినట్టు మెత్తబడి ముఖానికి ఒక పక్కనే పడేది. నీడ లేని బొమ్మకు ప్రాణం ఉండదన్నది తండ్రి నేర్పిన విద్య. కదిరి జనానికి అది నచ్చలేదు. "మొగమంతా రాని ఫొటో ఎందుకప్పా?" అనేవారు.

వేరుశనగ చేలలో కూలిపని చేసే సాకమ్మ ఒకనాడు కొత్త చీర కట్టుకుని వచ్చింది. "మనవరాలు పుట్టింది నాయనా. పెద్దదైనాంక చూసుకోవల్ల, బాగా తియ్యి," అంది.

నవ్వుతూండగా ఒకటి తీశాడు. తర్వాత ఊరికే కూర్చోబెట్టాడు. నవ్వి నవ్వి అలిసి ముఖం వాడిన క్షణాన ఇంకొకటి తీశాడు. నవ్వు ఆమెకిచ్చి, వాడిన ముఖం తాను దాచుకున్నాడు. దాన్ని హైదరాబాదు పోటీకి పంపుతూ, ఎంతో ఆలోచించి, 'ఆకలి' అని పేరు పెట్టాడు.

మొదటి బహుమతి వచ్చింది. పత్రికలో పడింది. వెక్కిరించినవారే శాలువా కప్పారు.

సాకమ్మ ఆ పత్రిక పట్టుకుని వచ్చింది.

"తల్లికి కూడు పెట్టవా అని ఊరంతా నా కొడుకును అడుగుతాండారు. వాడు నువ్విచ్చిన ఫొటో చించేసి, నాతో మాట్లాడేదే ఇడిసిపెట్టినాడు. ఆ పొద్దు సంగటి తినే వొస్తి గదప్పా, ఆకలని నీకెవురు చెప్పిరి?"

"అది కళ, అమ్మా. నీ గురించి కాదు."

"మొగం నాదే గదా."

ఆ వారమే ఓబుళేసు నన్ను విప్పి, రెండు పక్కలా ట్యూబులైట్లు పెట్టించాడు. అందరి ముఖాలూ పిండి పూసినట్టు తెల్లగా రాసాగాయి. జనం సంతోషించారు. నేను గుమ్మం పక్కన ఉండే అతని స్కూటరు మీది దుమ్ముగుడ్డనయ్యాను.

కొన్నేళ్లకు సాకమ్మ కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మాయమ్మ పోయిందన్నా. దివసానికి ఫొటో కావల్ల. ఆ నగే ఫొటో."

ఓబుళేసు పెట్టెలన్నీ కుమ్మరించాడు. నవ్వే ఫిల్మును పనికిరాదని తానే ఎప్పుడో పారేశాడు. చివరికి తల వంచుకునే, "ఆ పత్రికలో పడిందొకటే ఉండాది," అన్నాడు.

కొడుకు వెనక్కి తిరిగాడు.

"వొద్దులే అన్నా. ఫొటో బదులు చెంబు పెట్టి చేసుకుంటాం."