మరచెయ్యి నేర్పిన వంకర

మా అక్క మొగుడు మన్మథరావు అంతటి నిజాయితీపరుడు అక్కుపల్లిలో మరొకడు లేడు. ఆ మాట ఆయనే చెప్పుకుంటాడు. తిత్లీ తుఫానుకు మా రెండు జీడితోటల నడుమ హద్దుచెట్లు కూలిపోయాక, మధ్యనున్న నేలచెక్క నాదంటే నాదని ఏడేళ్లు కొట్లాడుకున్నాం. ఇద్దరు సర్వేయర్లు వచ్చి రెండు రకాలుగా కొలిచి పోయారు.

ఏడో ఏట ఒక వారం కాశీబుగ్గ కల్యాణమండపంలో ఏదో కాలేజీవాళ్లు ఒక మరచెయ్యి పెట్టారు. దాని పిడి పట్టుకుని, తెర మీద ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు తిన్నగా గీత గీయాలి. మర మాత్రం చేతిని ఎడమకు తోస్తూ ఉంటుంది. చెయ్యి దానికెలా అలవాటు పడుతుందో చూస్తారట. దానికి అంత చదువు కావాలి కాబోలు! నేను అయిదుతో బడి మానేసి ముప్పైయేళ్లు జీడిపిక్కలు కోసినవాణ్ణి. నా చేతికింద గుండుపప్పు ఒక్కటీ విరిగి బద్ద కాదు.

"ఒరే బాబ్జీ, పిక్కలు కోసినట్టు కాదిది," అన్నాడు బావ. "తిన్నగా గీసినావా, ఆ సెక్క నీది. వంకరపోయిందా, నాది. మీ అక్క మీద ఒట్టు."

"నాకూ అదే ఒట్టు. కూకో, సూడు."

మొదట చెయ్యి ఎడమకు కొట్టుకుపోయింది. యాభైయో సారికి కాస్త లొంగింది. రెండొందలు దాటాక గీత దారం పట్టి లాగినట్టు వచ్చింది.

"గెలిసీసినాను బావా!"

"మరతో కలిసి గీసి గెలుపంటావేటి? దాని తోపు ఆపించి, ఒక్కటంటే ఒక్కటి గియ్యి. అదీ పందెం."

వెర్రివాడనుకున్నాను. తోస్తుంటేనే తిన్నగా గీసినవాడికి, తోయకపోతే లెక్కా? మర నడిపే అమ్మాయి యామిని, "అంకుల్, ఒక్క నిమిషం, తోపు తీసేస్తే..." అంటూ ఏదో చెప్పబోయింది.

"సేతి సంగతి నాకు సెప్తావేటమ్మా? ఆపు దాన్ని."

ఆపింది. గీశాను. చెయ్యి దానంతటదే కుడికి వంగి, విల్లులా తిరిగి, చుక్క పక్కన తేలింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"లేని తోపుకి ఎదురు తోశారంకుల్. మీ చెయ్యి అంత బాగా నేర్చుకుంది," అంది యామిని, మెచ్చుకోలుగా. "అందరికీ ఇంతే. నిన్న మీ పక్కనున్న ఈయనకీ ఇలాగే వంకరపోయింది. ఎందుకు పోయిందని నాలుగుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నారు."

ఈయన మండపం కప్పు చూస్తున్నారు.

ఒట్టు మా అక్క మీద. మాట తప్పలేకపోయాను. మర్నాడు కొత్త హద్దుకు రాళ్లు నా చేతులతో నేనే పాతాను. ఆ వరస మాత్రం తిన్నగా వచ్చింది. అవతలికి పోయినవి పదకొండున్నర సెంట్లు, కాపు మీదున్న జీడిచెట్లు తొమ్మిది.