హనుమండ్లు చుట్టిన మోటరు

ఇచ్చోడ చుట్టుపక్కల ఊళ్ళలో మోటరు కాలిందంటే రైతు మొదట తలుచుకునేది దేవుణ్ణి కాదు, హనుమండ్లుని. అక్కడి కరెంటు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. బావుల మీద మోటర్లన్నీ ఒకేసారి వేస్తారాయె, ట్యూబులైటు కొట్టుకుంటూ ఉంటుంది తప్ప వెలగదు. అంత నీరసపు కరెంటుకు మోటర్లు ఊఁ అని మూలిగి, వేడెక్కి, కాలి కూర్చుంటాయి. హనుమండ్లు దీనికొక కిటుకు పట్టాడు. మోటరు లోపల రాగితీగ చుట్లు తగ్గించి, కొంచెం లావు తీగ వేసేవాడు. అట్లా చుట్టిన మోటరు ఆ గుడ్డి కరెంటుకు కూడా గిర్రున తిరిగేది. నిండు కరెంటు వస్తే ఏమవుతుందని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళకు నిండు కరెంటు ఎన్నడొచ్చి చచ్చింది గనుక!

"హనుమండ్లు చుట్టిన మోటరు కాలది" అని సంతలో చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతని చెయ్యి మీసం మీదికి పోయేది. పోనీయండి, మనిషన్నాక ఆ మాత్రం ఉండదా!

ఎనభై ఎనిమిదో సంవత్సరంలో అతని బిడ్డ బాలలక్ష్మి పదో తరగతి. ఆ యేడు సైన్సు చెప్పే శ్యాంసుందర్‌రావు సారు వైజ్ఞానిక ప్రదర్శన పోటీలకు బాలలక్ష్మినీ, కైలాసం, వెంకటి అనే ఇద్దరు పిల్లలనూ కలిపి ఒక జట్టు కట్టాడు. నూనె డబ్బాలతో ఒళ్ళు, సైకిలు చైనుతో కాళ్ళు చేతులు, పొట్టలో పాత టేబుల్ ఫ్యాను మోటరు. మరమనిషి! స్విచ్చు వేస్తే మెల్లగా నడిచి వచ్చి, చెయ్యి లేపి, చేతిలోని పత్తికాయ ఎదుటివాళ్ళకు అందించాలి. పిల్లలు దానికి డబ్బన్న అని పేరు పెట్టుకున్నారు.

హనుమండ్లుకు ఆ ఆటబొమ్మ మీద అంత ఆశ ఎందుకంటే, బిడ్డ చదువంతా దాని మీదే ఆగింది. ఇంటి పెత్తనం అన్న ముత్తయ్యది. ఆడపిల్లకు పది చాలు, ఆపైన బీడీలు చుట్టే చాట పట్టుకోవాల్సిందే అని ముత్తయ్య తేల్చేశాడు. బాలలక్ష్మికి పాలిటెక్నిక్ చదవాలని. పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పని హనుమండ్లు, గుండె చిక్కబట్టుకుని బిడ్డ తరఫున ఒక్కసారి అడిగాడు.

"సరే తమ్మీ," అన్నాడు ముత్తయ్య. "బొమ్మ బొమ్మ అని ఒకటే ఎగురుతున్నరు గద. కరీంనగర్ల ఫస్టు తెచ్చి సూపెట్టుమను. గప్పుడు నేనే చదివిపిస్త. రాకపోతె మాత్రం నువ్వు మల్ల గీ ముచ్చట తియ్యద్దు."

మోటరును మొదట బాలలక్ష్మే చుట్టింది. సారిచ్చిన పుస్తకం ముందర పెట్టుకుని, చుట్టు చుట్టుకూ లెక్క చూసుకుంటూ, వేళ్ళు కోసుకుపోయేదాకా చుట్టింది. తీరా బడిలో స్విచ్చు వేస్తే డబ్బన్న ఊఁ అన్నాడు గానీ అడుగు కదపలేదు. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. పిల్ల ఏడ్చుకుంటూ మోటరు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

"పుస్తకం సూసి చుడితె గిట్లనే ఉంటది," అని హనుమండ్లు మోటరు అందుకున్నాడు.

"వద్దు బాపు! అంత పిల్లలే చెయ్యాల్నట. పెద్దోళ్లు చెయ్యి పెట్టలేదని సారు సంతకం పెట్టిండు. తెలిస్తె పోటీలకెల్లి తీసేస్తరట."

"ఎవలకు తెలుస్తది బిడ్డా? నువ్వు జర సైడుకు జరుగు."

బిడ్డ చుట్టిన తీగంతా విప్పి పారేసి, తన పద్ధతిలో, తక్కువ చుట్లతో, లావు తీగతో చుట్టి ఇచ్చాడు. మర్నాడు బడిలో డబ్బన్న దర్జాగా నడిచాడు. సారు మోటరు కేసి చూశాడు, వాకిట్లో నిలబడ్డ హనుమండ్లు కేసి చూశాడు, సంతకం పెట్టిన కాగితం అట్లాగే పోటీలకు పంపేశాడు. నడిచే బొమ్మను ఆపడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇచ్చోడలో ఫస్టు వచ్చింది. నిర్మల్‌లో పోటీలు పెట్టిన బడిలోనూ ట్యూబులైట్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. అక్కడా ఫస్టే. ఇక మిగిలింది కరీంనగర్‌లో ఆఖరి పోటీ. బస్సులో డబ్బన్నను కిటికీ పక్క కూర్చోబెడితే కండక్టరు, "గీయనకు ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా?" అని పరాచికమాడాడు. బాలలక్ష్మి కరీంనగర్ దాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూసి హనుమండ్లు కడుపు నిండిపోయింది.

పోటీలు పెద్ద హాల్లో. నిర్మల్‌లో ఫస్టు వచ్చాడని డబ్బన్నకు మొదటి బల్లే ఇచ్చారు. ముఖ్య అతిథి వచ్చి రిబ్బను కత్తిరించి, మొదటి బల్ల మీది బొమ్మకు తన చేత్తో స్విచ్చు వేస్తాడట. అంతవరకు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదట. అడ్డంగా తాడు కట్టి, తల్లిదండ్రులను దానికి ఇవతల నిలబెట్టారు. హనుమండ్లు కొత్త కండువాతో చెమట తుడుచుకున్నాడు. పైన ఫ్యాను ఏం తిరుగుతోంది! బల్లల మీద కాగితాలు ఎగిరిపోతుంటే పిల్లలు పట్టుకోలేక చస్తున్నారు. అబ్బ, ఏం గాలి అనుకుని తలెత్తి చూశాడు. రెక్కలు కనబడటం లేదు. ట్యూబులైట్లు కొట్టుకోవడం లేదు, తెల్లగా నిలకడగా వెలుగుతున్నాయి.

నిండు కరెంటు. అంత తక్కువ చుట్లు ఈ కరెంటుకు నిలుస్తాయా? నిమిషంలో మాడి మసైపోతాయి. బిడ్డ పుస్తకం చూసి చుట్టింది ఈ కరెంటుకే!

"సారూ! శ్యాంసుందర్ సారూ!" అని కేక వేశాడు. అప్పుడే ముఖ్య అతిథి లోపలికి వచ్చాడు. బ్యాండు మొదలైంది. హనుమండ్లు తాడు కింద నుంచి దూరబోతే ఇద్దరు వాలంటీర్లు రెక్కలు పట్టుకున్నారు.

"పెద్దమనిషీ, లోపటికి పోరాదు."

"గది కాలుతది నాయనా! ఒక్క నిమిషం ఇడువుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

"జర ఆగే! చీఫ్ గెస్టు అచ్చిండు కనవడ్తలేదా?"

"ఎయ్యకుండ్రి! స్విచ్చు ఎయ్యకుండ్రి!" అని గొంతు చించుకుని అరిచాడు. బ్యాండు మోతలో అతిథికి ఏం వినపడిందో గానీ, తనకు జై కొడుతున్నారనుకుని ఇటు తిరిగి చెయ్యి ఊపాడు. ఆ ఊపిన చేత్తోనే స్విచ్చు వేశాడు.

డబ్బన్న ఒక్క గెంతు గెంతాడు. చెయ్యి విసురుగా లేచి పత్తికాయ అతిథి ఛాతీకి తగిలింది. హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత పొట్టలోంచి పొగ వచ్చింది. వార్నిషు మాడిన వాసన తాడు దాకా వచ్చింది. ఆ వాసన హనుమండ్లుకు కొత్త కాదు.

జడ్జీల్లో ఒకాయన డబ్బా తెరిపించి చూశాడు. "చుట్లు ఇంత తక్కువేమిటి? ఎవరు చుట్టారు ఇది?"

శ్యాంసుందర్‌రావు సారు మొహం పాలిపోయింది. ఆయన హనుమండ్లు వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నిజం చెబితే బొమ్మ పోటీలోంచి పోతుంది, పెద్దవాళ్ళు చెయ్యి పెట్టలేదని సంతకం పెట్టినందుకు సారు నౌకరీకి ఎసరు వస్తుంది.

"నేనే సార్," అంది బాలలక్ష్మి.

"రాని పనిలో వేలు పెట్టకూడదమ్మా. మొదట పుస్తకం సరిగ్గా చదువు," అన్నాడాయన, అందరూ వింటుండగా.

పిల్ల తల వంచుకుంది. కన్నతండ్రి తాడు ఇవతల నిలబడి ఆ మాట విన్నాడు. విని ఊరుకున్నాడు. తన బతుకు మీద తానే ఉమ్మేసుకోవాలనిపించింది.

బహుమతి రాలేదు. ఇంటికి చేరేసరికి వాకిట్లో ముత్తయ్య, పక్క చేను అంతయ్య కూర్చుని ఉన్నారు. కబురు తండ్రీబిడ్డల కంటే ముందే వచ్చింది.

"ఏమైందే? బిడ్డ మోటరు కాలవెట్టిందట గద," అన్నాడు ముత్తయ్య.

దారి పొడుగునా మింగిన మాట హనుమండ్లు ఇక్కడ కక్కేశాడు. "తప్పు బిడ్డది కాదన్నా. మోటరు చుట్టింది నేను. అది మంచిగనే చుట్టింది. నేనే ఇప్పి ఖరాబు చేసిన."

ముత్తయ్య, అంతయ్య ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"నువ్వు చుట్టిన మోటరు కాలుడా!" అన్నాడు అంతయ్య. "నా బాయి మీదిది ఇన్నేండ్ల సంది తిరుగుతనే ఉండె."

"గక్కడ కరెంటు ఎక్కువున్నదే! ఎక్కువ కరెంటుకు కాలింది!"

"ఊకోవోయ్," అని అంతయ్య కొట్టిపారేశాడు. "కరెంటు తక్కువైతె మోటర్లు కాలుతయి. ఎక్కువైతె కాలుడు ఏడనన్న ఉన్నదా?"

నిండు కరెంటును ఆ ఊళ్ళో ఎవరు చూశారు గనుక! హనుమండ్లు చప్పున బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "దీని మీద ఒట్టు. నేనే చుట్టిన."

ముత్తయ్య దిగ్గున లేచాడు. నవ్వు పోయింది. "సిగ్గులేదురా? సదువు కోసం బిడ్డ నెత్తి మీద అబద్ధపు ఒట్టు పెడుతవా? దానికేమన్నయితె?" బాలలక్ష్మి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. ఎవలు చుట్టిండ్రు?"

బాలలక్ష్మి తండ్రి మొహంలోకి చూసింది. హనుమండ్లు చుట్టింది కాలదన్న నమ్మకంతో రేపు పొద్దున్నే మోటరు భుజాన వేసుకుని వచ్చే రైతుల్లో ఒకడైన అంతయ్య మొహంలోకీ చూసింది.

"నేనే పెదబాపు," అంది.

"ఇన్నవా?" అన్నాడు ముత్తయ్య తమ్ముడితో. "దానికున్న నీతి నీకు లేకపాయె."

హనుమండ్లు చెయ్యి ఇంకా బిడ్డ నెత్తి మీదే ఉంది. దాన్ని తియ్యడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.