ఆసుపత్రి దాటి వచ్చినవాడు

తమ్ముడు ల్యాబ్ గుమ్మంలో నిలబడి, కుడిచేతికి చుట్టిన తువ్వాలు విప్పి చూపించాడు. బొటనవేలూ చూపుడువేలూ ఉబ్బి నిగనిగలాడుతున్నాయి.

"పాము కాటేసిందక్కా. కంగారుపడకు. నువ్వు కనిపెట్టిన ఆ మందు కాస్త ఎక్కించెయ్యి."

"ఎంతసేపైంది?"

"గంట. దారిలో పెద్దాసుపత్రి తగిలింది గానీ, ఇంట్లో మందు పెట్టుకుని అక్కడెందుకని ఆగలేదు."

అక్కకు ఒళ్లు మండిపోయింది. లెంపకాయ కొట్టాలనిపించింది, దానికీ టైం లేదు. ల్యాబ్ నడిపే పెద్దసారు బల్ల మీది కారు తాళాలు అడక్కుండానే లాక్కుని, తమ్ముణ్ణి ఎక్కించుకుని బయల్దేరింది.

ఇందులో వాడి తప్పు సగమే. వాడు పాములు పట్టేవాడు. వాడు తెచ్చిన పాముల తోక దగ్గరే ఆమె నెత్తురు తీసేది. తన విషం తనకే ఎక్కకుండా విరిచేసే ప్రోటీన్ ఒకటి పాము నెత్తురులో ఉంటుంది. దాన్ని వేరుచేసి, కుందేళ్లకు సూదులు వేసి, ఏడాదిపాటు తిప్పలు పడి ఆమె యాంటీబాడీ తయారుచేసింది. ఆ నెత్తురులో ఆ ప్రోటీన్ ఎక్కడుందో పట్టి చూపించడమే దాని పని. విషం జోలికి అది పోనే పోదు. ఇదంతా పెద్దసారుకు తెలుసు. తెలిసే విలేకరుల ముందు "పాముకాటుకు విరుగుడు మా చేతిలో ఉంది" అని గొప్పలు పోయాడు. పేపర్లో సవరణ వేయించమని ఆమె మూడుసార్లు అడిగితే, "సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పాలమ్మా" అని నవ్వేశాడు. సామాన్యుడికి చక్కగా అర్థమైంది!

ఆసుపత్రిలో అసలు విరుగుడు ఎక్కించారు. ప్రాణం నిలిచింది. వేళ్లు రెండూ తీసేయాల్సి వచ్చింది. కాస్త ముందొస్తే దక్కేవేమో అంది డాక్టరమ్మ.

మూడోరోజు పెద్దసారు వార్డుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోనీలే, గండం గడిచింది. ఇది బయటికి పొక్కకుండా చూసుకుందాం."

"ఎవరికి గడిచింది, మీకా?" ఆమె గొంతుకు వార్డంతా ఇటు తిరిగింది. "వాడు పాము తల పట్టేది ఆ రెండు వేళ్లతోనే. ఇక ఏం పట్టుకుని బతకాలి?"

మంచం మీంచి తమ్ముడు మెల్లగా అడిగాడు. "అయితే నిజంగా మందే లేదా అక్కా? మావాళ్లందరికీ చెప్పేశానే, ఎవరికి కాటు పడ్డా నేరుగా నీ దగ్గరికే పొమ్మని!"

"ఎంతమందికి చెప్పావ్‌రా?"

"పాములు పట్టేవాళ్లందరికీ. పొలాల్లో పనిచేసేవాళ్లకి కూడా."

ఆమెకు కోపం మళ్లీ నెత్తికెక్కింది. తమ్ముడి ఫోను తీసి, మొదటి నంబరు నొక్కి, పెద్దసారు చేతిలో పెట్టింది.

"నేనేం చెప్పాలమ్మా?"

"మందు లేదని చెప్పండి. కాటు పడితే ఆసుపత్రికే పరిగెత్తమని చెప్పండి. ఒక్కొక్కరికీ, మీ నోటితోనే. అయ్యేదాకా ఈ కుర్చీలోంచి లేవనివ్వను."

అవతల ఎవరో ఫోనెత్తి, "ఏరా, మీ అక్క మందు పనిచేసిందా?" అని హుషారుగా అడిగారు.