రోడ్డుకు నచ్చిన బోదెలు

"వాన మీదకి నెట్టకండి! ఇది మీరు చేసిన పని. ఇక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కడూ చేసిన పని!"

చర్చి వంటగది వెనక మెట్టు మీద నిలబడి ఒరెథా గాడ్స్‌డెన్ అరిచింది. మెట్టు సగం దాకా ఎర్ర బురద. ఒట్టి బురదైతే ఆమె ఎప్పుడో కడిగి పారేసేది. పైన వాలు మీదున్న చర్చి తోటకు చల్లిన కోళ్ల పెంటంతా అందులో కలిసి కొట్టుకొచ్చింది. వాన వెలిసి ఎండలు కాసి, బురద పైన పగుళ్లిచ్చి, లోపల కుళ్లుతోంది. ఈగలు జుయ్యిమంటున్నాయి. ఆ కంపు పీలుస్తూ లోపల ఆమె ముసలివాళ్లకు బుధవారం భోజనం వండాలి. ఇన్నాళ్లలో ఒక్క మగాడు పార పట్టుకుని ఇటు రాలేదు.

ఇవాళ వచ్చారు. వాలు పైన, రోడ్డు పక్కన, జేబుల్లో చేతులు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాడి శవం చూడవచ్చినట్టు నిలబడ్డారు. వాళ్ల మధ్య చర్చి పెద్ద, డీకన్ అలాంజో ప్రూయిట్ ట్రాక్టర్. దాని వెనక మట్టిని గట్లుగా లేపే కొత్త బోదెనాగలి.

"సిస్టర్, వాన దేవుడిది కదా," అన్నాడు డీకన్ ట్రాక్టర్ మీంచి.

"వాన దేవుడిదే. దాన్ని నా గుమ్మంలోకి తోలింది నువ్వు."

ఒరెథా బురద తొక్కుకుంటూ వాలు ఎక్కసాగింది. ఆమెకు అటూ ఇటూ ఉన్న తోట గతి చూసి తీరాల్సిందే. బోదెలు లేవు. బోదెలున్నచోట చిక్కిపోయిన పశువు డొక్కల్లా గట్టి నేల బయటపడింది. చాళ్లు కాలువలైపోయాయి.

ఆ నాగలిని ఆమె తిట్టదు. మంచి పనిముట్టు. పళ్లేల్లాంటి రెండు డిస్కులు ఎదురెదురుగా ఓరగా తిరుగుతూ రెండు పక్కల మట్టినీ మధ్యకు ఎగదోస్తాయి. వెనకున్న పలక దాన్ని పైన అదిమి చదును చేస్తుంది. ట్రాక్టర్ పోయిన దారిన మోకాలెత్తు బోదె, వేలు పెడితే దిగిపోయేంత గుల్లగా లేస్తుంది. చిలగడదుంపకు అంతకంటే మంచి ఇల్లు లేదు. పనిముట్టుకు కళ్లుండవు. తోలేవాడికుంటాయి. తోలేవాడి కళ్లు రోడ్డు మీదున్నాయి, అదీ ఖర్మ.

ఈ ఊళ్లో మగవాడి పరువు చాళ్లలో ఉంటుంది. తాతలు ఇంకొకడి భూమిలో కంచరగాడిదతో వాలు చుట్టూ వంకరటింకరగా దున్నారు. ఆ వంకర మీద అందరికీ సిగ్గు. ట్రాక్టర్లు వచ్చాక గీత గీసినట్టు తిన్నగా దున్నడం మొదలైంది. ఇప్పుడెవడి చాలైనా కొంచెం వంగిందో, రోడ్డు మీద పోయే ప్రతివాడూ కారు ఆపి మరీ అడుగుతాడు: "ఏం బాబూ, కంచరగాడిదను ఎక్కడ కట్టేశావ్?"

అందుకే బోదెలు వేసిన శనివారం డీకన్ వంటగది పక్కన ఒక గుంజ పాతి, దానికి తెల్ల చేతిరుమాలు కట్టి, రోడ్డు మీంచి ఆ రుమాలుకు సూటిగా కిందికి ట్రాక్టర్ తోలాడు. జనం మడత కుర్చీలు తెచ్చుకుని, చల్లటి తీపి టీ తాగుతూ చూశారు. చాలు తర్వాత చాలుకు చప్పట్లు కొట్టారు.

"డీకన్‌గారూ, నిలువుగా దున్నుతున్నారు. వానొస్తే అంతా కిందికి వస్తుంది," అంది ఆ రోజు ఒరెథా.

"కుండల సంగతి నువ్వు చూసుకో సిస్టర్, చాళ్ల సంగతి నేను చూసుకుంటా. అడ్డంగా తోలితే వంకరొస్తుంది. తాగినోడు దున్నాడంటారు."

జనం నవ్వారు. ఆమె సొంత తమ్ముడు క్లీవ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నీరు పల్లమెరుగునని అక్కడ తెలియని పసివాడు లేడు. తెలిసే నవ్వారు.

నవ్వి, ఆమె తీగలే తెచ్చి ఆ బోదెల మీద నాటారు. చలికాలమంతా ఇసుకలో దాచిన దుంపల్ని మొలకెత్తించి ఆమె పెంచిన తీగలు. మరో మడి లేదు. అవి పోతే, వచ్చే చలికాలం బుధవారాల్లో ముసలివాళ్ల పళ్లేల్లో దుంప ఉండదు. వాన వెలిసిన పొద్దున ఆమె కంచెకు చుట్టుకున్న తీగల్ని బురదలోంచి ఒక్కొక్కటే పీకి, కడిగి, తడి గోనెల్లో చుట్టింది. సగం కుళ్లిపోయాయి. మిగతా సగం ఇవాళ మట్టిలో పడితే బతుకుతాయి.

ఆమె పైకి వచ్చేసరికి డీకన్ మిగతావాళ్లకు చెబుతున్నాడు: "నేల ఆరింది. అవే గీతల మీద మళ్లీ లేపేద్దాం. ఆదివారం చర్చి వార్షికోత్సవం. పక్క ఊళ్లవాళ్లు వస్తారు. రోడ్డు మీంచి చూస్తే ఏం జరగనట్టే ఉంటుంది."

తలలు ఊగాయి. అన్నీ ఊగాయి.

ఒరెథా నేల మీద ఉమ్మింది. ట్రాక్టర్ వెనక్కి పోయి, నాగలిని పట్టి ఉంచే మేకు లాగి ఏప్రన్ జేబులో వేసుకుంది.

"ఏంటిది సిస్టర్? ఆ మేకు ఇలా ఇవ్వు."

"అవే గీతలా? అదే వాలా? పెంట తిన్న కుక్కయినా మళ్లీ ఆ కుప్ప దగ్గరికి పోయేముందు ఒకసారి ఆలోచిస్తుంది ప్రూయిట్! నిజం దేవుడికొక్కడికే తెలుసనుకోకండి. మీకందరికీ తెలుసు. తెలిసి చప్పట్లు కొట్టారు."

డీకన్ మొహం గట్టిపడింది. "అడ్డంగా తోలితే ట్రాక్టర్ ఒరిగి పడుద్ది. నా ప్రాణం పోతే నీకు సంతోషమా?"

క్లీవ్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"డీకన్," అన్నాడు నెమ్మదిగా, "ప్రతి ఆదివారం నీ కారు ఇదే వాలు మీద అడ్డంగా పెట్టి లోపలికొస్తావు. రెండు గంటలు ప్రార్థన చేస్తావు. అది ఎప్పుడూ ఒరగలేదే? లేక దాని కోసం కూడా ప్రార్థిస్తున్నావా?"

ఒకడు కిసుక్కుమన్నాడు. డీకన్ అతని వైపు చూడగానే దగ్గుగా మార్చుకున్నాడు.

"నోర్ముయ్ క్లీవ్. ఆ రోజు నువ్వే ఎక్కువ నవ్వావు."

"నవ్వాను. అక్కడ మా అక్క గుమ్మం కంపు కొడుతోంది."

క్లీవ్ వాలు దిగిపోయాడు. బురదలో ఒరిగిన గుంజను పీకాడు. రుమాలు ఎర్రగా, గట్టిగా అట్టకట్టింది. దాన్ని మోసుకుంటూ తోట పక్క అంచుకు నడిచి, ట్రాక్టర్ నిలబడ్డ ఎత్తుకే సమంగా పాతాడు. ఆ గుంజ వైపు తోలిన చాళ్లు వాలుకు అడ్డంగా పోతాయి, రోడ్డు మీంచి చూసేవాళ్లకు తిన్నగా కనిపించవు.

డీకన్ గుంజ వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. అటు ఒక కారు పోతూ నెమ్మదించింది.

ఒరెథా జేబులోంచి మేకు తీసి అతని ముందు పట్టుకుంది.

"ఇదిగో. తగిలించుకో. ట్రాక్టర్ ముక్కు అటు తిప్పు. వాలుకు అడ్డంగా, నేల ఎలా వంగితే అలా వంగి తోలు. వంకరని నవ్వేవాణ్ణి నా దగ్గరికి పంపు, బుధవారం గంటెతో సమాధానం చెబుతా. మీరంతా జేబుల్లోంచి చేతులు తీయండి. పారలు షెడ్డులో ఉన్నాయి. నా మెట్టు కడగండి, తర్వాత గోనెలు పైకి మొయ్యండి. పొద్దు కుంకేలోపు ఒక్క తీగ కూడా నా గోనెలో మిగలకూడదు. కదలండి!"